మా ఊరి నవాబు ఇంటికి చాయ్‌కి పోయినం

హైదరాబాద్‌లో హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మా ఊరి పేరు జోకైపోయింది. "వికారాబాదా? పేరులోనే వికారం ఉంది కదే!" అంది రూమ్మేట్. ఇక అప్పటి నుంచి మెస్‌లో ఉప్మా బాగోకపోయినా, సిటీ బస్సులో ఎవరికైనా కడుపు తిప్పినా "మీ ఊరొచ్చేసిందే" అని నావైపు చూసేవాళ్లు. మీదీ మా జిల్లానే అయితే ఈ బాధ మీకు తెలిసే ఉంటుంది.

నిజానికి ఆ పేరులో ఉన్నది వికారం కాదు, వికార్. ఉర్దూలో వకార్ అన్నా, వికార్ అన్నా గౌరవం, హుందాతనం. నవాబ్ సర్ వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వెలిసిన ఊరు మాది. ఆయన పైగా వంశపు అమీరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి వరసకి బావ. 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి. ఇవన్నీ గుర్తు పెట్టుకోకపోయినా పర్లేదు. ఒక్కటి చాలు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది ఆయనే.

అవును, ఆ ఫలక్‌నుమానే. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి జరిగిన చోటు. 2017లో ఇవాంకా ట్రంప్‌కి విందు ఇచ్చిన చోటు. రోజూ రీల్స్‌లో ఎవరో ఒకరు గుర్రబ్బగ్గీ దిగుతూ కనిపించే చోటు. అది మా ఊరి పేరాయన ఇల్లు!

ఈ ముక్క ఊళ్లో మా మామకి చెప్పాను. మామ అంటే మా అమ్మ అన్న. వికారాబాద్ పక్కనే ఊరు, కంది పండిస్తాడు. పంట తాండూరు మార్కెట్‌కే వేస్తాడు. 2022లో తాండూరు కందిపప్పుకి జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు ఊరంతా తిరిగి చెప్పింది ఆయనే. నేను చెప్పిందంతా విని, బీడీ ఆర్పి, "మా తాతలు కట్టిన శిస్తు పైసలతోనే గదా ఆ మహల్ లేసింది? అట్లయితే మనకు ఓ చాయ్ బాకీ ఉన్నడు నవాబు. పోదాం పా" అన్నాడు.

మామ అన్నది ఉత్త ఎగతాళి కాదు. పైగా అనే మాటకి ఇక్కడ తెలుగులో మనం వాడే "అదనంగా" అనే అర్థం లేదు. నిజాం సైన్యానికి గుర్రపు దళాన్ని పోషించే బాధ్యత ఈ వంశానిది. ఆ ఖర్చు కోసం వాళ్లకి ఇచ్చిన జాగీరు ఊళ్లని పైగా అనేవాళ్లు. వంశం మూడు శాఖలైంది. మూడింటికీ కలిపి సుమారు 4,000 చదరపు మైళ్ల నేల. అందులో శిస్తు నిజాం ఖజానాకి పోదు, నేరుగా పైగా దేవిడీకే పోతుంది. వికార్-ఉల్-ఉమ్రా తర్వాత మా వైపు జాగీరు ఆయన కొడుకు సుల్తాన్-ఉల్-ముల్క్ చేతికి వచ్చింది. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఇదే నడిచింది. మామ తాత దున్నింది ఆ నేలే.

ఫలక్‌నుమాలోకి ఊరికే పోయి చూస్తామంటే కుదరదు. అది ఇప్పుడు తాజ్ హోటల్. రూమ్ కానీ, భోజనం కానీ, సాయంత్రం టీ కానీ ముందే బుక్ చేసుకున్నవాళ్లనే గేటు దాటనిస్తారు. టీ కూడా మనిషికి వేలల్లోనే. నా మొదటి జీతంలో చెప్పుకోదగ్గ ముక్క దానికే పోయింది. ఆ సంగతి మామకి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

రైలు కూడా ఆయన దారిలోనే

వికారాబాద్‌లో రైలెక్కి లింగంపల్లిలో దిగాం. అక్కడి నుంచి ఫలక్‌నుమాకి నేరుగా ఎమ్మెమ్టీఎస్. ఆ బండి చివరి స్టేషన్ పేరే ఫలక్‌నుమా. మామ తెల్ల చొక్కా, తెల్ల ధోతి, కాళ్లకి నా తమ్ముడి బూట్లు. చేతిలో గుడ్డ సంచి. అందులో అత్త కట్టిచ్చిన సకినాలు ఉన్నాయని నాకు తెలుసు. ఇంకోటి కూడా ఉందని తర్వాత తెలిసింది.

దారిలో బేగంపేట వచ్చింది. ఇక్కడ కూడా మా నవాబు ఉన్నాడు. ఫలక్‌నుమా చేజారాక ఆయన కట్టుకున్న ఇల్లు పైగా ప్యాలెస్ ఇక్కడే. ఆ పేరు మీకు కొత్తేమో కానీ, మీ అన్నో అక్కో ఆ గేటు ముందు ఫైలు పట్టుకుని నిలబడే ఉంటారు. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారేదాకా అమెరికన్ కాన్సులేట్ నడిచింది ఆ ఇంట్లోనే. ఎంతమంది తెలుగు పిల్లల అమెరికా వీసా ఆ గోడల మధ్య ఖాయమైందో, ఎంతమందిది రిజెక్టయిందో! దానికి దగ్గర్లోనే స్పానిష్ మసీదు. స్పెయిన్ వెళ్లొచ్చిన నవాబు అక్కడి కట్టడాలు చూసి ముచ్చటపడి మొదలుపెట్టాడు. 1902లో ఆయన పోయాక కుటుంబం వాళ్లు 1906లో పూర్తి చేశారు. దాని శిఖరాలు గుండ్రంగా ఉండవు, సూదిగా ఉంటాయి. అటు వెళ్తే ఒకసారి తల పైకెత్తి చూడండి.

కాచిగూడ దాటాక బండి మూసీ మీదుగా పోతుంది. మామ కిటికీలోంచి వంగి చూశాడు. మా అనంతగిరి కొండల్లో పుట్టిన నీళ్లు అక్కడ ఎలా ఉంటాయో వానాకాలంలో మీరు చూసే ఉంటారు. ఇక్కడ నల్లగా, వాసనగా, కదలకుండా. "మన బుగ్గ నీళ్లేనా ఇవి?" అని ఒక్క మాట అని, మలక్‌పేట వచ్చేదాకా మళ్లీ నోరెత్తలేదు.

కుర్చీ మీద రెండక్షరాలు

ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని చూపే అద్దం అని చెప్తారు. చార్మినార్‌కి 5 కిలోమీటర్ల దూరంలో, గుట్ట మీద, 32 ఎకరాల్లో ఉంటుంది. కింద గేటు దగ్గర పేర్లు చూసుకుని పంపించారు. గుర్రబ్బగ్గీ మా ముందే ఒక కొత్త జంటని ఎక్కించుకుని పోయింది. మాకు బ్యాటరీ బండి. మామ ముఖం కొంచెం చిన్నబోయింది కానీ, గుట్ట మలుపు తిరిగి ప్యాలెస్ ఎదురుగా కనబడేసరికి "అమ్మో" అన్నాడు. నేనూ అదే అన్నాను.

1884 మార్చి 3న దీనికి పునాది వేశారు. నవాబుకి అప్పటికి 28 కూడా నిండలేదు. ఆ వయసులో మనం ఈఎమ్ఐ మీద బైక్ కొనాలా వద్దా అని ఆలోచిస్తుంటాం. గీసిచ్చింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్. పైనుంచి చూస్తే తేలు ఆకారం. ఉత్తరం వైపు చాచిన రెండు రెక్కలు దాని కొండీలు. పాలరాయి ఇటలీ నుంచి వచ్చింది. పని పూర్తి కాకముందే, 1890 డిసెంబర్‌లో నవాబు వచ్చి గోల్ బంగ్లాలో, జనానాలో కాపురం పెట్టి మిగతా పని దగ్గరుండి చేయించుకున్నాడు. ఇల్లు కట్టించినవాళ్లు ఎవరైనా చేసే పనే అది. మా నాన్న కూడా గోడలకి నీళ్లు పట్టడానికి సిమెంటు బస్తాల పక్కనే నెల రోజులు పడుకున్నాడు.

మా టీకి ముందు గైడ్‌తో లోపల ఒక చుట్టు తిప్పే ఏర్పాటు ఉంది. బుక్ చేసేటప్పుడే అడిగి పెట్టుకోవాలి. పాలరాతి మెట్లు, పైకప్పు మీద బొమ్మలు, లైబ్రరీలో చెక్క సీలింగ్. ఆ సీలింగ్ ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్నదానికి నకలు. అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టింది భోజనాల హాలు. 101 మంది ఒకేసారి కూర్చుని తినే బల్ల. ఒక కొసన గుసగుసలాడితే ఇంకో కొసన వినిపిస్తుందని గైడ్ చెప్పాడు. మామ నన్ను ఆ కొసకి పంపి, ఈ కొసన నిలబడి ఏదో అన్నాడు. నాకు "సకినాలు" అన్న మాట ఒక్కటే వినిపించింది.

ఇక్కడే గైడ్ ఒక కుర్చీ వెనక చెక్కిన అక్షరాలు చూపించాడు. ఇంగ్లిష్ అక్షరాలు వీ, ఓ, ఒకదానిలో ఒకటి అల్లుకుని. వికార్-ఉల్-ఉమ్రా అని అప్పట్లో ఇంగ్లిష్‌లో రాసుకున్న పేరులోని తొలి అక్షరాలు. సామాన్ల మీద, గోడల మీద, పైకప్పు మీద చాలాచోట్ల అదే గుర్తు. చుట్టూ ఉన్న ఢిల్లీ, ముంబై వాళ్లు తలూపి ముందుకు నడిచారు. నేను మాత్రం ఆ అక్షరం మీద వేలు పెట్టి ఫొటో తీసుకుని, హాస్టల్ గ్రూపులో పెట్టాను. "మా ఊరి పేరులో మొదటి అక్షరం. వికారం కాదు." ఇరవై నిమిషాల్లో పద్నాలుగు లైకులు, ఒక సారీ.

అంత ఇష్టంగా ప్రతి కుర్చీ మీదా పేరు చెక్కించుకున్న మనిషి ఇందులో నిండా పదేళ్లు కూడా ఉండలేదు. కట్టడానికి అయిన ఖర్చు జాగీరు రాబడిని మించిపోయింది, అప్పులు చేరాయి. తర్వాతి కథ హైదరాబాద్‌లో చాలా రకాలుగా చెప్పుకుంటారు. నిజాం విందుకి వచ్చాడు, ఇల్లు బాగుందన్నాడు, వారమైనా వెళ్లలేదు, చివరికి నవాబే చేతులు జోడించి "హుజూర్, ఇది తమ కోసమే కట్టించాను" అన్నాడు అనేది ఒక కథ. నిజం ఏదైనా, 1897-98 ప్రాంతంలో ఇల్లు నిజాం చేతికి పోయింది. బదులుగా నిజాం సొమ్ము ఇచ్చాడు, అప్పు తీరింది. నిజాంకి తెగ నచ్చిన ఇల్లు ఇది. 1911లో ఆయన కన్ను మూసింది కూడా ఇక్కడే.

నా మట్టుకు ఆ విందు కథ మీద పెద్ద నమ్మకం లేదు. అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నప్పుడు బావమరిది వచ్చి ఇల్లు బాగుందంటే, అది అవమానంగా కాదు, ఊరటగానే అనిపించి ఉంటుంది.

ట్రంకు పెట్టెలో కాగితం

టీ జేడ్ టెర్రస్ మీద ఇచ్చారు. మూడంతస్తుల స్టాండ్ మీద చిన్న చిన్న శాండ్‌విచ్‌లు, కేకులు. మామ స్టాండ్‌ని కిందినుంచి పైదాకా చూసి, "బిడ్డా, గిన్ని పెట్టిండ్రు గానీ తినేదేది?" అన్నాడు. టీ మాత్రం రెండు కప్పులు తాగాడు. ఆ తర్వాత గుడ్డ సంచిలో చెయ్యి పెట్టాడు. సకినాలు తీస్తాడేమోనని నా గుండె ఆగినంత పనైంది. తీసింది మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు. అందులో ఒక పాత కాగితం, మడతల దగ్గర చిరిగి, అంతా ఉర్దూ.

ఈ కాగితం గురించి నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. మామ వాళ్ల ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉండేది. చదివేవాళ్లు లేరు. "నవాబు మా తాతకు భూమి రాసిచ్చిన కాయితం" అని ఇంట్లో ఒక నమ్మకం. చెరువు కింది నాలుగెకరాలని ఒకరు, ఆరని ఒకరు. పండగలకి మగవాళ్లు కూర్చుంటే ఆ మాట వచ్చేది. ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఒకసారి గొడవ కూడా అయింది, లేని భూమిలో వాటా గురించి. ఎవరికైనా చూపిద్దామంటే మామ ఒప్పుకునేవాడు కాదు, కాగితం పోతుందని భయం. ఈరోజు మాత్రం తనే పట్టుకొచ్చాడు.

పక్క టేబుల్‌లో ఒక పెద్దావిడ, మనవళ్లతో వచ్చింది. పాతబస్తీ ఆవిడే, రిటైరైన టీచరట. మామ లేచి వెళ్లి, తనకొచ్చిన ఉర్దూలో, కొంచెం తెలుగు కలిపి అడిగాడు. "ఇధర్ లావ్ భాయ్" అని ఆవిడ కళ్లజోడు మార్చుకుంది. చదవడానికి చాలాసేపు పట్టింది. గొలుసుకట్టు రాత. మనవడు ఫోన్‌లో టార్చ్ వేసి పట్టుకున్నాడు. మామ కూర్చోలేదు.

"ఇది రసీదు భాయ్" అంది చివరికి. మామ తాత పేరు ఉంది, ఊరి పేరు ఉంది, 1346 ఫసలీ అని సంవత్సరం ఉంది. అంటే 1936-37. నిజాం రాజ్యంలో శిస్తు లెక్కలన్నీ ఫసలీలోనే రాసేవాళ్లు. ఏడు రూపాయల చిల్లర, హాలీ సిక్కాలో, ఆ ఏడాది శిస్తు కింద జమ. అంతే. రాసిచ్చిన భూమి ఏమీ లేదు.

నాకు మామ ముఖం చూడాలంటే భయమేసింది. ఆయన కాసేపు ఆ కాగితాన్నే చూశాడు. తర్వాత ఆవిడని ఒకటే అడిగాడు.

"అంటే అమ్మా, మొత్తం కట్టినట్టేనా? బాకీ ఏం రాసిలేదా?"

"పూరా. బాకీ కుచ్ నై" అందావిడ.

"మంచిది" అన్నాడు మామ. కాగితాన్ని మళ్లీ అవే మడతల మీద జాగ్రత్తగా మడిచి కవర్లో పెట్టాడు. సకినాల పొట్లం తీసి ఆవిడ మనవళ్ల ముందు పెట్టాడు. హోటల్ రూల్ ఏమంటుందో నాకు తెలీదు. పిల్లలు రెండు నిమిషాల్లో ఖాళీ చేశారు.

తోటలో

టీ అయ్యాక తోటలో తిరగొచ్చన్నారు. మొఘల్, రాజస్థానీ, జపనీస్ పద్ధతుల్లో పెంచిన తోటలని హోటల్ వాళ్లు చెప్తారు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నాకైతే పెద్దగా తేడా పట్టుబడలేదు. పచ్చిక, నీటి ఫౌంటెన్లు, కత్తిరించి పెంచిన పొదలు, గులాబీలు. నాకు నచ్చింది తోట కన్నా తోట అంచు. గోల్ బంగ్లా వైపు నిలబడితే పాతబస్తీ అంతా కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. పొద్దు గుంకే వేళ దూరంగా చార్మినార్ మినార్లు కనబడ్డాయి. తర్వాత ఒక్కో మసీదు నుంచి అజాన్ మొదలైంది, ఒకదాని వెనక ఒకటి, గుట్ట చుట్టూ.

మామ మాత్రం నేల చూస్తూ నడుస్తున్నాడు. ఏంటి మామా అంటే, "మన తాండూరు బండ ఏడన్న వేసిండ్రా అని చూస్తున్న" అన్నాడు. మా వైపు ఏ ఇంట్లో చూసినా కింద అదే బండ, మండుటెండలో కూడా చల్లగా ఉంటుంది. ఆయనకి కనబడలేదు. కనబడింది ఇంకోటి. పచ్చికకి నీళ్లు పెడుతున్న తోటమాలి మాట యాస. మామ ఆ యాస ఇట్టే పట్టేశాడు. కొడంగల్ వైపు మనిషి. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఫలక్‌నుమా గురించి ఒక్క మాట లేదు. మృగశిర పోయినా వాన జాడ లేదని, కంది ఈసారి ఎప్పుడు వేయాలో అని, అదే. నేను మెట్ల మీద కూర్చుని ఫోన్ చార్జింగ్ చూసుకున్నాను.

ఈ తోట కూడా ఎప్పుడూ ఇలా లేదు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి ఉన్న తర్వాత ప్యాలెస్‌కి దాదాపు అర్ధ శతాబ్దం తాళాలే. 2000 నుంచి ఏడో నిజాం మనవడు ముకర్రం జా మాజీ భార్య ఎస్రా దగ్గరుండి బాగుచేయించారు. 2010 నవంబర్‌లో హోటల్‌గా తెరిచారు. ఇల్లు ఇప్పటికీ నిజాం కుటుంబానిదే, తాజ్ వాళ్లది లీజు. కట్టించినాయన మునిమనవళ్లు లోపలికి రావాలన్నా మనలాగే బుక్ చేసుకోవాలి.

డబ్బు లేకుండా చూడాలంటే

ఫలక్‌నుమా టీకి బడ్జెట్ లేకపోతే దిగులు పడకండి. నా లెక్కలో అంతకన్నా మంచి చోటు పక్కనే ఉంది. సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధులు. ఆటోకి ఎక్కువ దూరం కాదు. ఆ వంశంలో తరతరాల వాళ్లు అక్కడే ఉన్నారు. తెల్లటి గచ్చు పని, రాతి జాలీలు, ఒక జాలీలో ఉన్న నమూనా ఇంకోదానిలో ఉండదు. అక్కడి ఆరు సమాధుల మరమ్మతుకి 2024లో అమెరికా ప్రభుత్వం రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించింది. పద్నాలుగేళ్ల పైచిలుకు వాళ్ల ఇంట్లో కాన్సులేట్ నడుపుకున్నారు కదా, అద్దె కాక ఇంకొంచెం అనుకోండి.

మేం ఆ సాయంత్రం వెళ్లలేకపోయాం, చీకటి పడింది. రెండు వారాల తర్వాత మామే ఫోన్ చేసి, ఆ సమాధుల దగ్గరికి పోదామన్నాడు. పొద్దున్నే పోయాం. జనం లేరు, రెండు పిల్లులు, ఒక కాపలాదారు. వికార్-ఉల్-ఉమ్రా, ఆయన భార్య, కొడుకు సుల్తాన్-ఉల్-ముల్క్ అందరూ అక్కడే. మామ రసీదు మీద ఉన్న ఏడు రూపాయలు చేరింది ఆ కొడుకు లెక్కలోకే. మామ బూట్లు విప్పి, తలకి రుమాలు కట్టుకుని, ఇద్దరి దగ్గరా కాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చాక ఆటోలో, "కాయితం మీ అత్తకు జూపెట్టిన. లామినేషన్ జేయించమన్నది. వికారాబాద్ల ఏడ జేస్తరు?" అని అడిగాడు. స్టేషన్ రోడ్డులో చేస్తారని చెప్పాను.